మార్కా

గోనె మీద మార్కా ఎవడైనా కొడతాడు.
రేకు ముక్కలో అక్షరాలు కత్తిరించి
బుడ్డి నీలం రంగు, ఒక కుంచె,
ఏటుకూరు రోడ్డులో అరగంట పని.
మిర్చి యార్డులో పుట్టిన ఈగకి కూడా తెలుసీ సంగతి.
అందుకే కొనేవాడు మార్కా చూడడు.
టిక్కీలో చెయ్యి దూర్చి గుప్పెడు తీసి
విరిచి, గింజ రాల్చి, వాసన చూస్తాడు.

మరి ఉత్తరం దగ్గర మార్కా చూసి ఎందుకు నమ్మాం?

మార్చి పదిహేడు, మంగళవారం
కొలంబోలో సెల్వనాయగం గారికి మా మెయిల్ వెళ్లింది.
మా చిరునామాయే, ఒక్క అక్షరం తేడా లేదు.
కింద మా ఓనరు దొప్పలపూడి కోటిలింగం గారి పేరు.
తేజా రకం, తొడిమ తీసినవి, నూట ఎనభై టిక్కీలు,
అదీ సరిగ్గానే, ఎక్కడ విన్నాడో.
"బ్యాంకు ఖాతా మారినది, దయచేసి గమనించగలరు."
ఆయన దయచేశారు.
పద్నాలుగు లక్షల ఇరవై వేలు.

సరుకు కోల్డ్ స్టోరేజీలో చల్లగా ఉంది.
డబ్బు ఎక్కడుందో ఎవరికీ తెలీదు.
కోటిలింగం గారు నన్ను తిట్టలేదు.
కళ్లజోడు తీసి తుడుచుకుంటూ
"నేననని మాట నా నోట్లోంచి ఎట్లా వచ్చిందమ్మా" అన్నారు.
నాకు తెలుసు ఎట్లా వచ్చిందో.
ఆర్నెల్ల ముందే ఒకమ్మాయి చెప్పి వెళ్లింది.
ఆ కాగితం నా సొరుగులో రసీదు పుస్తకాల కింద ఉంది.
సీజనయ్యాక చూద్దామన్నాను.

నాగూర్‌బీ మళ్లీ వచ్చింది, పాత గుంటూరు నుంచి స్కూటీ మీద,
ఘాటుకి ముక్కు చుట్టూ చున్నీ బిగించి.
ముందే చెప్పానుగా అనలేదు. టీ తాగింది.
గేటు దగ్గర బాలశౌరిని చూపిస్తూ చెప్పింది:
"మన బండ్ల నంబర్లు గోడ మీద రాసిపెడతాం,
మన సరుకు వీటిలోనే వస్తుందని. అది ఎస్‌పీఎఫ్.
టిక్కీ మూతికి మన దగ్గర మాత్రమే ఉన్న ముద్రతో సీలేస్తాం,
దారిలో ఒక్క కాయ మార్చినా పగిలిపోతుంది. అది డీకిమ్.
ఇక డీమార్క్, అవతలి గేటు కాపలావాడికి మనం రాసిచ్చే చీటీ.
పేరు మనదై, బండి మనది కాక, సీలూ మనది కాకపోతే
ఏం చెయ్యాలో."

"తిప్పి పంపమను. ఇవాళే."

"ఆగండి. ముందు ఊరికే చూసి రాసుకోమందాం.
మన బండ్లే కొన్ని గోడ మీద లేవు."

నిజమే.
బిల్లులు పంపే సాఫ్ట్‌వేరు ఒకటి,
బ్రాడీపేటలో పండగ శుభాకాంక్షలు పంపే కుర్రాడొకడు,
చచ్చిపోయిన మేనేజరు పెట్టిన పాత సర్వరు
ఇంకా ఊపిరి పీలుస్తూ ఒకటి.
మా పేరుతో ఎవరెవరు మాట్లాడుతున్నారో
మాకే తెలీదు.

రెండు నెలలు పట్టింది.
కొన్నాళ్లు "పక్కన పెట్టు" అని ఉంచి
రోహిణి ఎండల్లో, కరెంటు పోయి వచ్చిన మధ్యాహ్నం,
చీటీలో ఆఖరి మాట మార్చింది: తిప్పి పంపు.

నష్టం చెరి సగం భరించాం.
ఇప్పుడు పొద్దున్నే లెక్క వస్తుంది.
నిన్న మూడొందల పన్నెండు,
పేరు తెలీని ఊళ్ల నుంచి మా పేరు తొడుక్కుని బయల్దేరినవి,
అన్నీ గేటు దగ్గరే ఆగాయి.
కోటిలింగం గారు దాన్ని ప్రింటు తీయించుకుని
ధరల పట్టీ కంటే ముందు చదువుతారు.
"నేను నిద్రపోతుంటే నా పేరుకి ఇంత తిరుగుడా!"

నాగూర్‌బీ ఒకటి దాచలేదు.
ఒక్కక్షరం మార్చి ఎవడైనా పక్కన దుకాణం తెరిస్తే
ఈ చీటీ ఆపలేదు.
వాడి బండి వాడిదే, వాడి సీలు వాడిదే.

అందుకే ఖాతా నంబరు మాట వస్తే ఫోను.
నిన్న సాయంత్రం కొలంబో కలిపిచ్చాను.
కోటిలింగం గారు హలో అనబోయి తుమ్మారు,
నలభై ఏళ్లు యార్డు పక్కన బతికినవాడి తుమ్ము,
మూడు, కాస్త ఆగి, ఇంకొకటి.

అవతల నవ్వు.
"సరే, మీరే. నంబరు చెప్పండి."